నాటకంలోకి వచ్చిన బతుకు: ఆఫ్రికన్ అమెరికన్ రంగస్థలంపై ఒక సమీక్ష

1964లో న్యూయార్క్ రంగస్థలం మీదికి ఒకే ఏడాదిలో నాలుగు నాటకాలు వచ్చాయి. జనవరిలో ఏడ్రియెన్ కెనెడీ 'ఫన్నీహౌస్ ఆఫ్ ఎ నీగ్రో', మార్చిలో లెరోయ్ జోన్స్ 'డచ్‌మన్', ఏప్రిల్‌లో జేమ్స్ బాల్డ్విన్ 'బ్లూస్ ఫర్ మిస్టర్ చార్లీ', అక్టోబరులో లొరెయిన్ హాన్స్‌బెరీ 'ద సైన్ ఇన్ సిడ్నీ బ్రుస్టీన్స్ విండో'. నలుగురూ నల్లజాతి రచయితలే. 1924కీ 1934కీ మధ్య పుట్టినవాళ్లు. బానిసత్వం, వేర్పాటు చట్టాలు, మూకహత్యలు నిండిన ఒకే చరిత్రకు వారసులు. పౌరహక్కుల చట్టం వచ్చిన ఏడాది కూడా అదే. అయినా ఆ నాలుగు నాటకాలకూ పోలికే లేదు. కెనెడీ నాటకంలో శారా అనే అమ్మాయి ఒక అద్దెగదిలో విక్టోరియా రాణితో, ఏసుక్రీస్తుతో, కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబాతో కలిసి బతుకుతుంటుంది. వాళ్లంతా ఆమె లోపలి ముక్కలే. జోన్స్ నాటకం భూగర్భ రైలుపెట్టెలో మొదలై అక్కడే హత్యతో ముగుస్తుంది. బాల్డ్విన్ దక్షిణాది ఊళ్లో ఒక నల్ల యువకుడి హత్యనూ దాని విచారణనూ చూపించాడు. హాన్స్‌బెరీ ఏమో గ్రీనిచ్ విలేజ్‌లో ఉండే ఒక యూదు మేధావిని కథానాయకుణ్ణి చేసింది.

జాతి అనుభవమే నాటకాన్ని రాస్తుందనుకుంటే ఈ నాలుగూ ఒకదాన్నొకటి పోలి ఉండాలి. రచయిత బతుకుతో మనకు పనిలేదనుకుంటే ఈ నాలుగింటిలో ఏదీ పూర్తిగా అందదు. నాటకకర్త జీవితం, అభిప్రాయాలు ఆఫ్రికన్ అమెరికన్ నాటకాన్ని ఎలా మలిచాయన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. అమెరికాలో ఈ ప్రశ్న మీద వందేళ్లుగా వాదులాట నడుస్తోంది.

ఆ వాదులాటకు స్పష్టమైన రూపం వచ్చింది 1920లలో. నల్లజాతి నాటకం తమ గురించి, తమవాళ్లు రాసినది, తమవాళ్ల కోసం, తమ వాడలోనే ఆడేది కావాలని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1926లో ప్రకటించాడు. కళ అన్నదల్లా ప్రచారమేనని, అందులో దాచుకోవాల్సిందేమీ లేదని ఆయన పట్టుదల. తత్వవేత్త అలెయిన్ లాక్ దీన్ని ఒప్పుకోలేదు. ఎదుటివాడి నింద చుట్టూ తిరిగే రచన ఎప్పటికీ వాడి నీడలోనే ఉండిపోతుందని ఆయన భయం. ముప్ఫై ఏడేళ్ల తర్వాత ఇదే తగాదా ఇంకో రూపంలో వచ్చింది. నల్ల రచయిత కోపాన్ని రాయకుండా ఎలా ఉండగలడని 1963లో విమర్శకుడు ఇర్వింగ్ హౌ అడిగాడు. నల్లవాడి బతుకును వట్టి బాధల చిట్టాగా చూడకండి, మా బతుకులో క్రమశిక్షణ ఉంది, హాస్యం ఉంది, చదివిన పుస్తకాలున్నాయి, పూర్వికులను మేమే ఎంచుకుంటాం అని నవలాకారుడు రాల్ఫ్ ఎలిసన్ గట్టిగా బదులిచ్చాడు. ఈ చర్చలన్నిటిలో నాకు బాగా ఉపయోగపడిన మాట ఎలిసన్‌దే. నాటకకర్తల విషయంలో అది మరీ నిజం. వాళ్ల బతుకులో జరిగినదానికన్నా, జరిగినదాంట్లోంచి వాళ్లు ఏది తీసుకున్నారు, ఏది వదిలేశారు, దేన్ని తలకిందులు చేశారు అన్నదే నాటకాన్ని మలిచింది. ఆ ఎంపిక చేయించింది వాళ్ల దృక్పథం.

తొలి రోజుల్లో ఎంపికకు చోటు తక్కువ. విలియం వెల్స్ బ్రౌన్ కెంటకీలో బానిసగా పుట్టి, 1834లో తప్పించుకుని, బానిసత్వ వ్యతిరేక సభల్లో వక్తగా తిరిగాడు. 1858లో అచ్చయిన ఆయన 'ది ఎస్కేప్' అమెరికాలో నల్లజాతి రచయిత నాటకం అచ్చుకావడంలో మొదటిది. దాన్ని ఆయన వేదిక మీద ఒక్కడే నిలబడి అన్ని పాత్రలనూ చదివి వినిపించేవాడు. సాక్ష్యానికీ నాటకానికీ మధ్య అప్పటికి గోడ లేదు. అవతల జనరంజక వేదిక నిండా ముఖానికి మసి పూసుకున్న తెల్ల నటులు నల్లవాళ్లను వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ఆటలే ఉండేవి. కనుక నల్ల రచయిత మొదటి పని ఆ బొమ్మను చెరిపేయడం. ఆ భారం తర్వాతి తరాల మీద కూడా చాలాకాలం ఉంది.

1916లో వాషింగ్టన్‌లో ఆడిన 'రేచెల్' రాసిన ఏంజెలీనా వెల్డ్ గ్రింకీ కథ ఇంకా సంక్లిష్టం. ఆమె తండ్రి ఒక తెల్ల భూస్వామికి బానిస స్త్రీ కన్న కొడుకు. తల్లి తెల్ల స్త్రీ. ఆమెకు పెట్టిన పేరు బానిసత్వ వ్యతిరేక పోరాటంలో పేరుపొందిన తెల్ల మేనత్తది, అంటే తండ్రి మేనత్తది. ఇంత కలగలుపు వంశంలోంచి వచ్చిన మనిషి రాసిన నాటకంలో సమస్య మాత్రం సూటిగా ఉంటుంది: తండ్రినీ అన్ననూ మూక చంపేసిన ఇంట్లో పెరిగిన రేచెల్, పిల్లలంటే ప్రాణం పెట్టే రేచెల్, ఈ దేశంలో బిడ్డను కనకూడదని నిర్ణయించుకుంటుంది. తెల్ల తల్లుల మనసు కదిలించాలన్నదే తన ఉద్దేశమని గ్రింకీ చెప్పుకుంది. నాటకం ఆడించింది నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ. ఆ సంఘం నాటక కమిటీలోనే ఇది కళా, లేక ప్రచారమా అని చీలిక వచ్చింది. అలెయిన్ లాక్ బయటికి వెళ్లినవాళ్లలో ఒకడు. 'రేచెల్' సంభాషణల్లో కన్నీళ్లు ఎక్కువే. అయినా హత్యను వేదిక మీద చూపకుండా, హత్య తర్వాత ఇంట్లో మిగిలిన ఆడవాళ్ల గది చూపించడం గ్రింకీ వేసిన దారి. జార్జియా డగ్లస్ జాన్సన్ వంటి నాటకకర్తలు ఆ దారినే నడిచారు.

ఇక హాన్స్‌బెరీ దగ్గర ఆగి మాట్లాడాలి. 'ఎ రెయిజిన్ ఇన్ ద సన్' 1959 మార్చి 11న బ్రాడ్‌వేలో మొదలై 530 ప్రదర్శనలు ఆడింది. నల్లజాతి స్త్రీ రాసిన నాటకం బ్రాడ్‌వే చేరడం అదే మొదలు. దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్, ప్రధాన పాత్రలో సిడ్నీ పాయిటియర్. షికాగో ఇరుకు ఇంట్లో ఉండే యంగర్ కుటుంబానికి చనిపోయిన పెద్దాయన బీమా సొమ్ము పదివేల డాలర్లు వస్తుంది. తల్లి లీనా తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొంటుంది. మీరు రావద్దు, ఆ ఇల్లు మేమే ఎక్కువ ధరకు కొనేసుకుంటాం అని పేట సంఘం తరఫున ఒక మర్యాదస్తుడు వస్తాడు. రచయిత్రి తన కుటుంబ కథే రాసుకుందని ఆనాటి నుంచి ఈనాటి దాకా చాలామంది చెబుతారు. అది సగం నిజం. తప్పిపోయిన రెండో సగమే ముఖ్యం.

నిజమైన సగం ఇది. 1937లో ఆమె తండ్రి కార్ల్ హాన్స్‌బెరీ షికాగోలో తెల్లవాళ్లు మాత్రమే ఉండాలని ఒప్పందం రాసుకున్న పేటలో ఇల్లు కొన్నాడు. మూక వచ్చింది. కిటికీలోంచి దూసుకొచ్చిన రాయి ఏడేళ్ల లొరెయిన్‌కు వెంట్రుకవాసిలో తప్పింది. తండ్రి కోర్టుల చుట్టూ తిరుగుతుంటే తల్లి నానీ గుళ్లు నింపిన పిస్తోలు చేతపట్టుకుని రాత్రుళ్లు ఇల్లంతా కాపలా తిరిగేది. 1940లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. కానీ ఆ తీర్పు నడిచింది సాంకేతిక కారణం మీద. అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలుపరచకూడదని మాత్రం అనలేదు. ఆ మాట రావడానికి 1948లో ఇంకో కేసు కావలసి వచ్చింది. అప్పటికి కార్ల్ లేడు. అమెరికా మీద విరక్తితో మెక్సికోలో స్థిరపడే ప్రయత్నంలో ఉండగా 1946లో అక్కడే పోయాడు.

తప్పిపోయిన సగం: కార్ల్ హాన్స్‌బెరీ పేదవాడు కాదు. షికాగో దక్షిణ వాడల్లో పెద్ద వాటాలను చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో వంటకు కాస్త చోటు పెట్టి అద్దెకిచ్చి ఆస్తి సంపాదించిన ఇళ్ల వ్యాపారి. అంటే యంగర్ కుటుంబం అద్దెకుండే ఇల్లు హాన్స్‌బెరీ కుటుంబం అద్దెకిచ్చే రకం ఇల్లు. తాను పెరిగిన ఇంటి కథను రచయిత్రి తమ ఇళ్లలో అద్దెకున్నవాళ్ల చేతికిచ్చింది. ఈ మార్పు ఎక్కడినుంచి వచ్చింది? చిన్నప్పుడు తల్లిదండ్రులు తెల్ల బొచ్చుకోటు తొడిగి బడికి పంపితే తోటి పిల్లలు కొట్టారని ఆమె రాసుకుంది. ఆమెకు కోపం వచ్చింది కోటు తొడిగిన పెద్దవాళ్ల మీదే. అమ్మానాన్నలు పనికి పోతే మెడలో ఇంటి తాళంచెవి వేలాడేసుకుని వచ్చే ఆ పిల్లలంటే ఆమెకు ఆరాధన. ఆ ఆరాధన పెద్దయ్యాక రాజకీయమైంది. 1951 నుంచి హార్లెమ్‌లో గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ స్థాపించిన 'ఫ్రీడమ్' పత్రికలో పనిచేసింది. వామపక్షాల సభలకు వెళ్లింది. పెదనాన్న విలియం లియో హాన్స్‌బెరీ హొవార్డ్ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా చరిత్ర బోధించేవాడు. నాటకంలో నైజీరియా విద్యార్థి అసగాయ్ అంత చక్కగా మాట్లాడటం వెనక ఆ ఇంటి మాటలున్నాయి.

మొదటి అంకంలో ఒక చిన్న సన్నివేశం చూడండి. పొద్దున్నే కొడుకు ట్రావిస్ బడికి యాభై సెంట్లు అడుగుతాడు. తల్లి రూత్ లేవని చెబుతుంది. తండ్రి వాల్టర్, భార్య వంకే చూస్తూ, కొడుకు చేతిలో యాభై సెంట్లు పెట్టి ఇంకో యాభై కూడా ఇస్తాడు. పిల్లవాడు వెళ్లిపోయాక తను పనికి పోవడానికి బస్సు డబ్బుల్లేక ఆ భార్యనే అడుగుతాడు. నాటకమంతా ఈ రెండు నిమిషాల్లో ఉంది: మగవాడి పరువు, ఆడదాని లెక్క, మధ్యలో పిల్లవాడు. దీన్ని ఏ బొచ్చుకోటు అమ్మాయీ ఊరికే ఊహించలేదు. తాళంచెవుల పిల్లలను ఏళ్లతరబడి చూసిన అమ్మాయి మాత్రమే రాయగలదు. చివర్లో ఆ కుటుంబం సామాను సర్దుకుని కొత్త ఇంటికి బయల్దేరుతుంది. విమర్శకులు దాన్ని సుఖాంతమన్నారు. హాన్స్‌బెరీ ఒప్పుకోలేదు. ఆ పేటలో ఏం ఎదురవుతుందో ఆమెకు కిటికీ రాయితో సహా తెలుసు. తుది రూపానికి ముందు రాసిన ఒక ముగింపులో యంగర్లు చీకట్లో తుపాకులు పట్టుకుని మూక కోసం కూర్చుని ఉంటారు. ఆ నాటకంలో కమ్యూనిజం ఉందేమో చూసి రమ్మని ఎఫ్‌బీఐ మనిషిని కూడా పంపింది. అతనికి ఏమీ కనబడలేదు. 1965 జనవరిలో, 34 ఏళ్లకే, క్యాన్సర్‌తో ఆమె పోయింది.

అమీరి బరాకాగా మారిన లెరోయ్ జోన్స్ విషయంలో ప్రశ్న తలకిందులవుతుంది. న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో మధ్యతరగతి ఇల్లు, హొవార్డ్‌లో చదువు, వైమానిక దళంలో ఉద్యోగం, చదివే పుస్తకాల మీద అనుమానంతో అక్కడినుంచి ఉద్వాసన, గ్రీనిచ్ విలేజ్‌లో కవిగా పేరు, హెట్టీ కోహెన్ అనే యూదు యువతితో పెళ్లి, ఇద్దరు కూతుళ్లు. 'డచ్‌మన్'లో క్లే అనే నల్ల యువకుడు మూడు గుండీల కోటు వేసుకుని రైల్లో కూర్చుని ఉంటే లూలా అనే తెల్ల స్త్రీ ఆపిల్ కొరుకుతూ వచ్చి పక్కన కూర్చుంటుంది. కవ్విస్తుంది, వెక్కిరిస్తుంది. చివరికి క్లే లోపల దాచుకున్నదంతా కక్కేస్తాడు. నల్ల సంగీతకారుల పాటంతా చేయకుండా ఆపుకున్న హత్యే అంటాడు. లూలా కత్తితో పొడిచి చంపుతుంది, పెట్టెలోని ప్రయాణికులు శవాన్ని బయటికి తోసేస్తారు. తర్వాతి స్టేషన్లో ఇంకో నల్ల యువకుడు ఎక్కుతాడు. ఆ కోటు తొడుక్కున్న కవి రచయితే, అప్పటి లెరోయ్ జోన్సే. తనను తానే చంపుకుని చూసుకున్న నాటకమది.

అదే ఏడాది చివర్లో వచ్చిన 'ద స్లేవ్'లో ఒక నల్ల విప్లవకారుడు తెల్లజాతి మాజీ భార్య ఇంటికి తుపాకీతో వస్తాడు. పై గదిలో వాళ్ల ఇద్దరు కూతుళ్లు నిద్రపోతుంటారు. ఆ నాటకం రాసేటప్పుడు జోన్స్ ఇంకా హెట్టీతోనే ఉన్నాడు. 1965 ఫిబ్రవరిలో నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ హత్య జరిగాక ఆ ఇల్లు విడిచి హార్లెమ్ వెళ్లిపోయాడు. జీవితం నాటకాన్ని మలిచిందనే మామూలు మాట ఇక్కడ చాలదు. నాటకం ముందు నడిచింది, జీవితం వెనక వెళ్లింది. హార్లెమ్‌లో ఆయన బ్లాక్ ఆర్ట్స్ రెపర్టరీ థియేటర్ అండ్ స్కూల్ పెట్టి వీధుల్లో నాటకాలు ఆడించాడు. నల్ల కళల ఉద్యమం అక్కడే ఊపిరి పోసుకుంది. పేరు మార్చుకున్నాడు. 1974లో జాతీయవాదం వదిలి మార్క్సిస్టునని ప్రకటించాడు. ప్రతి మలుపులోనూ నాటకం స్వరూపం మారింది. నా అంచనాలో 'డచ్‌మన్'ను మించింది ఆయన మళ్లీ రాయలేదు. అందులో రచయిత తనతో తనే పోట్లాడుతున్నాడు. తర్వాతి చాలా నాటకాల్లో తీర్పు ముందే అయిపోయి ఉంటుంది, పాత్రలు దాన్ని చదివి వినిపిస్తాయి. యూదుల మీద, ఆడవాళ్ల మీద ఆ కాలంలో ఆయన రాసిన ద్వేషపు మాటలను దాటేసి ఆయన్ను మెచ్చుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. అయితే ఒక నిజాయితీ ఉంది. మధ్యతరగతి సరుకని ఒకప్పుడు తీసిపారేసిన హాన్స్‌బెరీ నాటకాన్ని 1980లలో మళ్లీ చదివి, అసలు జనం బతుకును పట్టుకున్నది ఆమేనని ఆయనే రాశాడు.

ఆగస్ట్ విల్సన్ జీవితంలో ఎంపిక ఇంకా బాహాటం. 1945లో పిట్స్‌బర్గ్ హిల్ డిస్ట్రిక్ట్‌లో పుట్టినప్పుడు ఆయన పేరు ఫ్రెడరిక్ ఆగస్ట్ కిట్టెల్. తండ్రి జర్మన్ వలసవాడు, రొట్టెలు కాల్చే పనివాడు, ఇంటికి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. తల్లి డైజీ విల్సన్ ఇళ్లల్లో పనిచేసి ఆరుగురు పిల్లలను పెంచింది. ఆయన తల్లి ఇంటిపేరు తీసుకున్నాడు. పది నాటకాలు, ఇరవయ్యో శతాబ్దపు ఒక్కో దశాబ్దానికి ఒక్కోటి. 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' తప్ప తక్కిన తొమ్మిదీ ఆ హిల్ వాడలోనే జరుగుతాయి. ఆ పదింటిలో జర్మన్ తండ్రి ఎక్కడా లేడు. ఇది మరపు వల్ల జరిగింది కాదు. నా సంస్కృతి అమ్మ దగ్గర నేర్చుకున్నదే అన్నది ఆయన జీవితకాల వాదం. నాటకాలు ఆ వాదానికి కట్టుబడి ఉన్నాయి.

పదిహేనేళ్లకు బడి మానేశాడు. నెపోలియన్ మీద రాసిన వ్యాసం నీది కాదని టీచరు అనుమానించడం దానికి కారణం. కార్నెగీ లైబ్రరీలో కూర్చుని చదువుకున్నాడు. వాడలోని హోటళ్లలో, సిగార్ల కొట్టులో ముసలివాళ్ల కబుర్లు వింటూ పెరిగాడు. విచిత్రమేమంటే, అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ మాట ఆయన కలానికి ఎక్కలేదు. 1978లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌కు, నల్లవాళ్లు అంతగా లేని ఊరికి వెళ్లాకే హిల్ వాడ గొంతులు చెవిలో మోగడం మొదలైందని ఆయనే చెప్పేవాడు. అనుభవం ఒక్కటే చాలదు, దానికి దూరం కూడా కావాలి.

ఆయన తరచు చెప్పిన ఒక ఇంటి సంగతి ఉంది. రేడియో పోటీలో తల్లి కొత్త బట్టలుతికే మెషీన్ గెలిచింది. గెలిచింది నల్ల మనిషని తెలిశాక కొత్తది బదులు వాడేసినది ఇస్తామన్నారు. ఇంట్లో ఆరుగురు పిల్లల బట్టలు చేత్తో ఉతుకుతున్న ఆమె అక్కర్లేదంది. ఇప్పుడు 1969లో జరిగే 'టూ ట్రెయిన్స్ రన్నింగ్'లో హామ్‌బోన్ అనే మతి తప్పిన మనిషిని చూడండి. తెల్ల మాంసం వ్యాపారి కంచెకు రంగు వేయించుకుని పంది తొడమాంసం ఇస్తానని చెప్పి, పనయ్యాక కోడిని తీసుకోమన్నాడు. హామ్‌బోన్ తీసుకోలేదు. తొమ్మిదిన్నరేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ కొట్టు ముందు నిలబడి తన మాంసం తనకిమ్మని అడుగుతున్నాడు. ఆ ఒక్క మాట తప్ప దాదాపు ఇంకేమీ అతని నోట్లోంచి రాదు. చచ్చిపోయాక ఒక కుర్రాడు ఆ కొట్టు అద్దం పగలగొట్టి మాంసం తెచ్చి శవపేటికలో పెట్టమంటాడు. తల్లి డైజీ తన పట్టుదలతో నిలబడింది, హామ్‌బోన్ ఆ పట్టుదలకే మతి పోగొట్టుకున్నాడు. అమ్మ సంగతిని విల్సన్ యథాతథంగా రాసి ఉంటే అది గౌరవనీయమైన జ్ఞాపకం అయ్యేది. దాన్ని పిచ్చివాడి నోట పెట్టాక దేశం బాకీపడ్డ మాట అయింది.

'ఫెన్సెస్'లోని ట్రాయ్ మాక్సన్ వెనక విల్సన్ సవతి తండ్రి డేవిడ్ బెడ్‌ఫోర్డ్ ఉన్నాడు. కుర్రతనంలో మంచి ఫుట్‌బాల్ ఆటగాడు. నల్లవాడు కావడంతో స్కాలర్‌షిప్ రాలేదు. దొంగతనానికి పోయి హత్య చేసి ఇరవై మూడేళ్లు జైల్లో గడిపాడు. ఆ సంగతి విల్సన్‌కు తెలిసింది ఆయన పోయాకే. నాటకంలో ఆట బేస్‌బాల్ అయింది, జైలు పదిహేనేళ్లయింది, ట్రాయ్ చెత్తబండి మీద పనిచేస్తాడు. బతికున్నప్పుడు అడగలేకపోయిన ప్రశ్నలను ఆ నాటకంలో కొడుకు కోరీ అడుగుతాడు. 1987లో దానికి పులిట్జర్ వచ్చింది. 1990లో 'ద పియానో లెసన్'కు రెండోది.

తన సంస్కృతి గురించిన దృక్పథాన్ని విల్సన్ 1996లో ప్రిన్స్‌టన్ సభలో ప్రసంగంగా చెప్పాడు. దేశంలోని 66 పెద్ద ప్రాంతీయ థియేటర్లలో నల్లవాళ్లది ఒక్కటే ఉందన్నాడు. తెల్ల పాత్రలకు నల్ల నటులను తీసుకుని ఉదారులమనుకోవద్దు, మా నాటకానికి మా సంస్థలకు డబ్బివ్వండి అన్నాడు. విమర్శకుడు రాబర్ట్ బ్రుస్టీన్ ఇది వేర్పాటువాదమన్నాడు. 1997 జనవరిలో న్యూయార్క్ టౌన్ హాల్లో ఇద్దరూ ముఖాముఖి వాదించుకున్నారు. విల్సన్ నాటకాలన్నీ పెరిగింది ఆ తెల్ల థియేటర్లలోనే కదా అని సాహిత్య పండితుడు హెన్రీ లూయీ గేట్స్ ఎత్తిచూపాడు. మాట నిజమే. కానీ దాంతో విల్సన్ వాదం బలహీనపడదు. ఇంకొకరి ఇంట్లో ఉన్నవాడికే సొంత ఇల్లు ఎందుకు కావాలో బాగా తెలుస్తుంది.

థియేటర్ ఎవరిదన్న ఆ ప్రశ్నకు ఆలిస్ చిల్డ్రెస్ నలభై ఏళ్ల ముందే నాటకరూపం ఇచ్చింది. ఆమె నటిగా పదేళ్లకు పైగా అమెరికన్ నీగ్రో థియేటర్‌లో పనిచేసింది, 1944లో బ్రాడ్‌వే వేదికా ఎక్కింది. నల్ల నటికి ఎలాంటి పాత్రలిస్తారో ఒళ్లంతా తెలుసు. 'ట్రబుల్ ఇన్ మైండ్' ఒక రిహార్సల్ కథ. తెల్ల రచయిత రాసిన మూకహత్య వ్యతిరేక నాటకం, తెల్ల దర్శకుడు, నల్ల నటులు. పాత నటి విలెట్టా మొదట్లో కొత్త కుర్రాడికి ఎక్కడ నవ్వాలో, దర్శకుడికి ఏం చెబితే నచ్చుతుందో పాఠం చెబుతుంది. తర్వాత తనే ఆ పాఠం మీరుతుంది. తల్లి తన కొడుకును మూక చేతికి అప్పగించే సన్నివేశం వస్తే, ఏ తల్లీ అలా చేయదు, నేను ఆడను అంటుంది. మధ్యలో షెల్డన్ అనే ముసలి నటుడు చిన్నప్పుడు తాను కళ్లారా చూసిన మూకహత్య చెబుతాడు. ఆ గదిలో నిజంగా చూసినవాడు అతనొక్కడే. వాళ్లు ఆడుతున్న నాటకంలో మాత్రం అతని అనుభవానికి చోటు లేదు. బతుకుకూ నాటకానికీ మధ్య ఎవరు నిలబడి ఉన్నారో ఇంత సూటిగా చూపించిన రచన ఇంకోటి నాకు తెలీదు. 1955 నవంబరులో గ్రీనిచ్ మ్యూస్ థియేటర్లో అది మొదలయ్యేనాటికి ఎమెట్ టిల్ అనే నల్ల బాలుడి హత్య జరిగి రెండు నెలలు దాటింది. కొడుకు శవపేటిక మూత తెరిచి ఉంచి లోకానికి చూపించిన తల్లిని దేశమంతా చూసింది. బ్రాడ్‌వే నిర్మాతలు ముగింపు మెత్తబరచమన్నారు. చిల్డ్రెస్ ఒప్పుకోలేదు. నాటకం బ్రాడ్‌వే చేరింది 2021లో. ఆమె 1994లోనే పోయింది.

ఏడ్రియెన్ కెనెడీ దారి వేరు. ఆమె నమ్మకం వాదాల్లో లేదు, కలల్లో ఉంది. 1960-61లో ఘానాలో, రోమ్‌లో ఉండగా 'ఫన్నీహౌస్' రాసింది. లుముంబా హత్య జరిగిన రోజులవి. క్లీవ్‌లండ్ బాల్యం, జార్జియాలో తల్లివైపు తెల్ల బంధుత్వాలు, తనను లోకువగా చూసిందనిపించిన ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం, అన్నీ కలిసి ముక్కలై వస్తాయి. ఉద్యమ కాలంలో ఆమెను కొందరు తమ మనిషిగా లెక్కవేయలేదు. జాతి గౌరవం చాటాల్సిన చోట జుట్టు రాలిపోయే పీడకల రాసిందని తప్పుపట్టారు. ఆ పీడకలే ఆ తరం లోపలి నిజమని ఇప్పుడు తెలుస్తోంది. ఆమె నాటకం మొదటిసారి బ్రాడ్‌వే ఎక్కేసరికి 2022, ఆమెకు 91 ఏళ్లు.

ఎన్టొజాకె షాంగే 1976లో 'ఫర్ కలర్డ్ గర్ల్స్' తెచ్చినప్పుడు నల్ల మగవాళ్లను బజారుకీడ్చిందని పెద్ద గొడవ జరిగింది. ఆమె తన ఆత్మహత్యా ప్రయత్నాల సంగతి దాచుకోలేదు. పేరు కూడా మార్చుకుంది. కవితనూ నాట్యాన్నీ కలిపి ఆమె కట్టిన రూపం ఆ బతుకుకు సరిపోయే వేరే రూపం దొరకక వచ్చినదే. జాతి మీద చర్చ మగవాళ్ల చేతుల్లో ఉన్నంతకాలం ఆడవాళ్ల అనుభవం ఇంటి గుట్టుగా మిగిలిపోయిందని ఆ గొడవే రుజువు చేసింది.

సొంత బతుకునే రాయాలన్న నియమం నల్ల రచయితకు సంకెల అవుతుందని చూపించినవాళ్లు తర్వాతి తరంలో ఉన్నారు. అన్నా డెవియర్ స్మిత్ 1991లో న్యూయార్క్ క్రౌన్ హైట్స్ పేటలో జరిగిన అల్లర్ల తర్వాత నల్లవాళ్లతోనూ హసిడిక్ యూదులతోనూ మాట్లాడి, వాళ్ల మాటలనే తానొక్కతే వేదిక మీద పలికింది. లిన్ నాటేజ్ 'ఇంటిమేట్ అప్పారెల్'కు తన ముత్తవ్వ బతుకు ఆధారం. ఆమె లోదుస్తులు కుట్టే మనిషి, పనామా కాలువ పనిలో ఉన్న ఒకతనితో ఉత్తరాలు నడిపింది. కానీ 'రూయిన్డ్' కోసం నాటేజ్ ఉగాండా వెళ్లి కాంగో శరణార్థి స్త్రీలను కలిసింది. 'స్వెట్' కోసం పెన్సిల్వేనియాలోని రెడింగ్ ఊళ్లో ఫ్యాక్టరీలు పోయిన కార్మికులతో, తెల్లవాళ్లతో కూడా, ఏళ్లపాటు మాట్లాడింది. ఆ రెండింటికే ఆమెకు 2009లో, 2017లో పులిట్జర్లు వచ్చాయి. ఇక్కడ ఆమె జీవితం కథావస్తువు కాదు. ఎవరిని వినాలో నిర్ణయించిన చూపు మాత్రం ఆమెదే. సుజన్-లోరి పార్క్స్, బ్రాండెన్ జేకబ్స్-జెంకిన్స్ ఇంకో అడుగు వేసి, నల్ల రచయిత నుంచి ప్రేక్షకుడు ఏం ఆశిస్తాడన్నదాన్నే నాటక వస్తువు చేశారు.

ఇంతమందిని పక్కపక్కన పెట్టి చూశాక నా తీర్పు ఇది. జీవితచరిత్రలో ఏం జరిగిందో చదివి నాటకాన్ని విప్పుదామనుకునే పద్ధతి ఈ రచయితలకు అన్యాయం చేస్తుంది. వాళ్లను సాక్షులుగా మిగిల్చి కళాకారులుగా చూడనివ్వదు. జీవితాన్ని పక్కన పెట్టి రచననొక్కదాన్నే చదివే పద్ధతికి హాన్స్‌బెరీ తాళంచెవులు కనబడవు, డైజీ విల్సన్ మెషీన్ కనబడదు. రెంటిలోనూ తప్పిపోయేది మరొకటుంది: ఏ నాటకం మనదాకా రావాలో, ఏది అరవై ఆరేళ్లు ఆగాలో నిర్ణయించిన చేతులు. రచయిత బతుకు, దృక్పథం గురించి అడిగేవాళ్లు థియేటర్ తాళాలు ఎవరి దగ్గరున్నాయో కూడా అడగాలి.

అలెక్స్ హేలీ 'రూట్స్' అనువాదకుడు సహవాసి చేతుల మీదుగా 'ఏడు తరాలు'గా మన పాఠకుల ఇళ్లల్లోకి వచ్చింది. ఆ చరిత్ర మనకు నవలగా తెలుసు. అది నాటకంగా కూడా మన వేదిక మీద కనబడాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న నాటక బృందాలకు నా మాట: 'ట్రబుల్ ఇన్ మైండ్'తో మొదలుపెట్టండి. దానికి పెద్ద సెట్టింగు అక్కర్లేదు. రిహార్సల్ జరిగే ఖాళీ వేదిక, నాలుగు కుర్చీలు చాలు. విలెట్టా ఎందుకు ఆడనంటుందో అర్థం కావడానికి మన ప్రేక్షకులకు అమెరికా చరిత్ర పాఠం కూడా అక్కర్లేదు.